మూడు చుక్కలు, ఒక కుంటి గీత

"ఒక మనిషిని చంపాలె, వైకుంఠం."

"పేరు?"

"జలాలుద్దీన్."

వైకుంఠం చేతిలోని సోల్డరింగ్ కడ్డీ గాలిలోనే ఆగింది. కొన నుంచి తగరం బొట్టు జారి, బల్ల మీద పడి గడ్డకట్టింది.

"ఆయన చచ్చిపోయి రెండేండ్లయింది, సార్. గోరీల మట్టి నేను గూడ ఏసిన."

"ఏసినవ్. ఆ మట్టి కింద ఎవరున్నరో చూసినవా?"

చూడటానికి అక్కడ ముఖమంటూ ఏమీ మిగల్లేదు. కార్వాన్‌లో కాలిపోయిన గోదాములోంచి తీసిన శరీరాన్ని, నడుముకున్న స్క్రూడ్రైవర్ చూసి జలాలుద్దీన్ అనుకున్నారంతే.

1942, మే నెల. అఫ్జల్‌గంజ్‌లో 'వైకుంఠం రేడియో వర్క్స్' అంటే తెలియనివాళ్ళు తక్కువ. ఆ దుకాణం వెనక ప్రభుత్వ రహస్య శాఖ ఉందని తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ. వాళ్ళలో మొదటివాడు ఇప్పుడు ఎదురుగా కూర్చున్న పురుషోత్తం. ఊరికి ఆయన యునానీ మందుల వ్యాపారి. వైకుంఠానికి చీఫ్. ఇందాక గుడ్డ కప్పిన రేడియో ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి, "ఈ సెట్ల వర్షం చప్పుడొస్తున్నది" అన్నాడు. "ఎండకాలం వర్షమా, వానకాలం వర్షమా?" అని వైకుంఠం అడిగాడు. "కిందటేడుది" అన్నాడాయన. అది కోడ్. వైకుంఠం వెంటనే షట్టర్ సగం దించాడు.

పురుషోత్తం గొంతు తగ్గించాడు. "ఇయ్యాల మూడు గూడ్సు బండ్లు కాచిగూడ నుంచి పోతయి. మూడూ ఒక్క తీరుగుంటయి. నడిమి దాంట్ల మాత్రం ఫిరంగి గుండ్లున్నయి. సరిగ్గ మూడున్నరకు ఉప్పుగూడ దాటుతది. ఆడ పట్టాల కింద బాంబు పెట్టిన్రు."

"ఎవరు?"

"ఫాల్క్. స్విస్ గడియారాల ఏజెంట్ అని తిరుగుతుండె గద, గాడు. జర్మన్ గూఢచారి. పదిహేను రోజుల సంది మాయం. బండి పేలిందంటే ఉప్పుగూడ బస్తీ మొత్తం లేస్తది. గుమాస్తాల ఇండ్లు, కూలోళ్ళ ఇండ్లు, అన్నీ."

"బండి ఆపరాదుండ్రి?"

"ఆపే పవర్ నాకు లేదు. పైనోళ్ళు వినరు. బాంబు నొక్కెటోడు ఏదో ఇంట్ల హెడ్‌ఫోన్ పెట్టుకోని కూసున్నడు. నేను మనుషులను తీస్కపోయి ఎతుకుతా. వందిండ్లున్నయి, ఏ ఇల్లో తెల్వదు. వానికి సిగ్నల్ మాత్రం కార్వాన్ నుంచి పోతది. రోజూ మూడుంబావుకు టెస్టింగ్ చేస్తున్నరు. మన ఆఫీసుల రికార్డు చేసి పాత ఫైళ్ళతోని కలిపి చూసిన్రు. చెయ్యి జలాలుద్దీన్‌ది."

టెలిగ్రాఫ్ మీట నొక్కేవాళ్ళకి చేతిరాత ఉన్నట్టే చేతిమోత ఉంటుంది. చుక్కకీ గీతకీ మధ్య ఎంత ఆగుతాడు, గీతని ఎంతసేపు పట్టుకుంటాడు అన్నదాన్ని బట్టి మనిషిని గుర్తుపట్టవచ్చు. శాఖలోనే పనిచేసిన జలాలుద్దీన్‌కి మణికట్టు బిగుసుకుపోయిన జబ్బు ఉండేది. ప్రతి మాటలోనూ చివరి గీత దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తొందరగా లేచేది కాదు. ఆ గీత కాలు ఈడ్చినట్టు సాగేది.

ఆయన దగ్గర పని నేర్చుకున్న వైకుంఠానికీ ఆ కుంటి గీత అంటుకుంది. శాఖలో చేరిన కొత్తలో పురుషోత్తమే వేళ్ళ మీద స్కేలుతో కొట్టి మరీ దాన్ని మాన్పించాడు. "ఇప్పుడు నీ చెయ్యి ఎవ్వలదీ కాదు. గూఢచారి చెయ్యి గట్లనే ఉండాలె" అన్నాడు.

"కార్వాన్ల పన్నెండిండ్లు సోదా చేసినం" అన్నాడు పురుషోత్తం. "ట్రాన్స్‌మిటర్ దొరకలే. అన్నీ లైసెన్సున్న రేడియోలే."

"గవే చాలు, సార్."

"ఏంది?"

"పాత సెట్లకు రియాక్షన్ నాబ్ ఉంటది. తిప్పితే దూరం స్టేషన్ గట్టిగ వినబడ్తది. ఎక్కువ తిప్పితే సెట్టే కూత పెడ్తది. ఆ కూత ఏరియల్ పట్టుకోని బయటికి పోయి, చుట్టుపక్కల రేడియోలల్ల ఏడుపు లెక్క వినబడ్తది. ఆ ఏడుపును తెంపి తెంపి పంపితే సిగ్నలే గద. రిసీవరే ట్రాన్స్‌మిటర్ అయితది."

పురుషోత్తం వైకుంఠం ముఖంలోకి చూశాడు. "ఇది నీకు ఎన్ని రోజుల సంది ఎరుక?"

వైకుంఠం తలదించుకుని తగరం బొట్టుని గోటితో గీకాడు.

పదకొండు రోజులుగా తెలుసు.

జలాలుద్దీన్ 1926లో తన చేత్తో కట్టుకున్న ఒంటి వాల్వ్ సెట్టు ఒకటి వైకుంఠం దగ్గర ఉంది. రెండేళ్ళుగా మూలన పడి ఉన్నదాన్ని ఈ వేసవిలో బాగుచేయడం మొదలుపెట్టాడు. చెదలు తిన్న పెట్టె విప్పి, నూలు చుట్టిన రాగి తీగతో కాయిల్ కొత్తగా చుట్టాడు. ఆ కాలపు వాల్వ్ కోసం పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి ఒక్కటంటే ఒక్కటి సంపాదించాడు. రియాక్షన్ నాబ్ పక్కన, చెక్క మీద జలాలుద్దీన్ గీసిన పెన్సిల్ గుర్తు ఇంకా ఉంది. కింద ఉర్దూలో ఆయన రాత: 'ఇక చాలు. పొరుగువాళ్ళు వింటున్నారు.' పక్కింటి రేడియోని ఏడిపించేవాడు అసలు మెకానిక్కే కాదనేవాడాయన.

సెట్టు బాగైన రోజు మధ్యాహ్నం మూడుంబావుకి వైకుంఠం హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. వాల్వ్‌లో తీగ ఎర్రగా వెలిగింది. చాలా దూరం నుంచి, చాలా శుభ్రంగా, మూడు చుక్కలు, ఒక గీత. మళ్ళీ మూడు చుక్కలు, ఒక గీత. ఆ గీత కుంటుతోంది.

మూడు చుక్కలు, ఒక గీత అంటే ఇంగ్లీషు 'వి' అక్షరం. లైను టెస్ట్ చేయడానికి ప్రపంచమంతా పంపేది అదే. జలాలుద్దీన్ మాత్రం నవ్వేవాడు: "దునియా మొత్తం నీ పేరే పిలుస్తున్నది చూడు, వైకుంఠం!"

ఆ మొదటి రెండు రోజులూ దుకాణంలో మోగుతున్న మిగతా రేడియోలు ఏడవలేదు. మూడో రోజు నుంచే వీధి వీధంతా ఏడుపు. కార్వాన్ నుంచి నాగమణమ్మ అనే షావుకారు గారింటి పెద్దావిడ జట్కాలో రేడియో వేసుకుని దుకాణానికే వచ్చింది. "మా రేడియోల ఎవరో చచ్చినోడు ఏడుస్తున్నడయ్యా! పాట సగంల ఉండంగనే మొదలువెడ్తున్నడు. తీసెయ్యి వాణ్ణి!"

వైకుంఠం ఆవిడ సెట్టు తుడిచి ఇచ్చాడు. శాఖకి మాత్రం రిపోర్టు రాయలేదు. రాస్తే ఏ ఆర్డరు వస్తుందో తెలుసు. ఇప్పుడు ఆ ఆర్డరే ఎదురుగా కూర్చుని గొడుగు ముడుస్తోంది.

"దయ్యమైతే వదిలేయ్" అన్నాడు పురుషోత్తం లేస్తూ. "మనిషైతే కాల్చేయ్."

*

రెండున్నరకి కార్వాన్ గల్లీలోకి అత్తరు అమ్మేవాడు ఒకడు వచ్చాడు. సుర్మా కళ్ళు, అతికించిన గడ్డం, చెవులు కప్పిన పగిడీ, భుజాన చెక్కపెట్టె. పెట్టె పై అరలో అత్తరు సీసాలు. కింది అరలో బ్యాటరీలు, జలాలుద్దీన్ సెట్టు. పెట్టె మూత లోపల తీగ చుట్టలు చుట్టలుగా చుట్టి ఉంది. అది ఫ్రేమ్ ఏరియల్. పగిడీ కింద హెడ్‌ఫోన్. నడుములో పిస్తోలు.

మూడుంబావు.

మూడు చుక్కలు, కుంటి గీత.

గల్లీలోని ఇళ్ళలో రేడియోలు ఒక్కసారిగా మూలగడం మొదలుపెట్టాయి. ఎక్కడో నాగమణమ్మ గొంతు లేచింది: "వచ్చిండు మాయదారోడు!"

వైకుంఠం అత్తరు చూపిస్తున్నట్టుగా పెట్టె మూతని మెల్లగా తిప్పాడు. సిగ్నల్ వచ్చే దిక్కుకి తీగచుట్ట వెడల్పు పక్క తిరిగినప్పుడు చప్పుడు సన్నగిల్లుతుంది. ఒక చోట సన్నగిల్లింది. పది అడుగులు నడిచి మళ్ళీ తిప్పాడు. రెండు దిక్కులూ కలిసిన చోట పాత మేడ, పచ్చ తలుపు.

మెట్లెక్కుతుంటే ఒకటే ఆలోచన. లోపల ఉన్నది దయ్యమైతే బాగుండు. బతికున్న మనిషైతే, తనకి విద్య నేర్పిన చేతిని తనే కాల్చాలి.

పై గదికి తెర వేలాడుతోంది. తెర వెనక మీట టకటకలాడుతోంది. వైకుంఠం పిస్తోలు తీశాడు. మూడు చుక్కలు. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది. కుంటి గీత.

గీతతో పాటు గాజులు గలగలమన్నాయి.

వేలు ఆగిపోయింది. తెర సందులోంచి చూశాడు. ఒంటి మీద పట్టు గరారా, మెడలో ముత్యాలు, పక్కన తమలపాకులు పెట్టుకునే వెండి పాన్‌దాన్. దేవిడీల విందుల్లో నవాబులంతా ఎవరి చూపు కోసం తలలు తిప్పేవారో ఆ మనిషి. రాబియా. జలాలుద్దీన్ భార్య.

ఆమె వెనక ఫాల్క్ నిలబడి గడియారం చూస్తున్నాడు. హైదరాబాదులో ఆరేళ్ళున్నాడు, దక్కనీ బాగానే వచ్చు. "టెస్ట్ బస్. అబ్ భేజో. గులాబ్." టెస్టు చాలు, ఇక 'గులాబ్' అన్న మాట పంపమంటున్నాడు.

రాబియా మీట మీద వేళ్ళు ఆడించింది. వైకుంఠం ఆ అక్షరాలు విన్నాడు. మొదటి అక్షరం 'జి' కాదు, 'సి'. ఫాల్క్ కూడా విన్నాడు. రెండో అక్షరం పూర్తయ్యేలోగా పిస్తోలు మడమతో ఆమె కుడి చెయ్యి మీద కొట్టాడు. ఎముక చిట్లిన చప్పుడు. రెండో దెబ్బ రేడియో మీద పడింది. వాల్వ్ గాజు పొడి పొడిగా రాలింది.

"చమేలీ?" అన్నాడు ఫాల్క్ నవ్వుతూ. "భేజో యా న భేజో. ఖామోషీ కాఫీ హై, మేడమ్." పంపినా పంపకపోయినా ఒకటే, మౌనం చాలట.

వైకుంఠం తెర చింపుకుంటూ లోపలికి దూకాడు. ఫాల్క్ గిరుక్కున తిరిగాడు. అతని పిస్తోలు వైకుంఠం రొమ్ముకి సూటిగా లేచింది. పేలింది మాత్రం అది కాదు. రాబియా ఎడమ చెయ్యి పాన్‌దాన్‌లో ఉంది. తమలపాకుల్లోంచి సన్నగా పొగ వస్తోంది.

ఫాల్క్ గోడకి జారబడి, అట్లాగే కూర్చుండిపోయాడు. ఇక లేవలేదు.

"ఇన్ని రోజులా, భాయ్?" అంది రాబియా, నొప్పికి పళ్ళు బిగించి. "రోజూ నీ పేరు పిలుస్తున్న. కావాల్నని నాబ్ ఎక్కువ తిప్పి బస్తీ మొత్తం ఏడిపిస్తున్న. ఆయన చెయ్యి గుర్తుపట్టెటోనివి నువ్వొక్కనివే గద!"

"భాభీ... ఆయన చెయ్యి నీకెట్ల వచ్చింది?"

"పెండ్లయిన కొత్తల పాన్‌దాన్ మూత మీద నేర్పిండు. ఆ గీత గట్లనే సాగాలనుకున్న. తప్పని నాకేమెరుక?"

వైకుంఠం పిస్తోలు నడుములో దోపుకున్నాడు.

"మీ ఆఫీసు ఏమన్నది, భాయ్? కాలిపోయినోడు మా మనిషి గాదు, ఎవడో కూలోడని కాయితం రాసిచ్చింది. మీ పని మీద చచ్చిపోయిన మనిషి! గందుకే ఈ ఫాల్క్ వచ్చి పిలిస్తే పోయిన. బదలా తీర్చుకుందామనుకున్న. ఆనక తెలిసింది, బాంబు ఉప్పుగూడలనట. మా అత్త షౌకత్ బీ ఇల్లు పట్టాల పక్కకే."

"ఖామోషీ కాఫీ హై అన్నడేంది వాడు?"

రాబియా ముఖం తెల్లబడింది. "గులాబ్ అంటే నొక్కు. చమేలీ అంటే వద్దు. ఏదీ రాకపోతే... మూడున్నరకు బండి రాంగనే నొక్కుమని ముందే చెప్పి పెట్టిండు."

గోడ గడియారం మూడూ పంతొమ్మిది చూపిస్తోంది.

ఫోను ఉన్న పోలీసు చౌకీ ఇరవై నిమిషాల నడక. బండి ఈపాటికి కాచిగూడ వదిలి ఉంటుంది.

"నేను పంపుతా."

"నీ చెయ్యి వాడు నమ్మడు, భాయ్! గందుకే గద రోజూ టెస్టింగ్. ఈ చెయ్యి తప్ప ఇంకెవ్వల చెయ్యి వినొద్దన్నరు వానికి."

వైకుంఠం అప్పటికే పెట్టెలోంచి జలాలుద్దీన్ సెట్టు తీస్తున్నాడు. రాబియా సెట్టు కరెంటుది. ఈ బ్యాటరీ వాల్వ్‌ని దానికి తగిలిస్తే క్షణంలో మాడుతుంది. కాబట్టి ఆ సెట్టు సంగతి వదిలేశాడు. దాని వెనక నుంచి మేడ మీదికి పోయే పొడుగు ఏరియల్ తీగని మాత్రం పీకి తన సెట్టు దగ్గరికి లాగాడు. ఎర్త్ తీగ బిగించాడు. బ్యాటరీ కలిపాడు. వాల్వ్ ఎర్రగా వెలిగింది.

మూడూ ఇరవైనాలుగు.

రియాక్షన్ నాబ్ తిప్పాడు. పెన్సిల్ గుర్తు దాకా వచ్చింది. కూత రాలేదు. పాత వాల్వ్, అలసిపోయిన వాల్వ్. గుర్తు పక్కన ఆ అక్షరాలు: ఇక చాలు. పొరుగువాళ్ళు వింటున్నారు.

"వినాలె, ఉస్తాద్" అని గొణిగాడు వైకుంఠం. "ఇయ్యాల వినాలె."

గుర్తు దాటించాడు. వాల్వ్‌కి కరెంటు పెంచే రెండో నాబ్ కూడా చివరంటా తిప్పేశాడు. లోపలి తీగ ఎరుపు నుంచి పసుపుకి, పసుపు నుంచి తెలుపుకి మారింది. ఇలా వెలిగిన వాల్వ్ నాలుగైదు నిమిషాలకి మించి బతకదు. సెట్టు ఒళ్ళంతా వణికినట్టు కూతపెట్టింది. ఆ క్షణమే బయట గల్లీలో రేడియోలన్నీ గొల్లుమన్నాయి.

"మళ్ళొచ్చిండే వాడు!" నాగమణమ్మ అరుపు కిటికీలోంచి వచ్చింది. "ఎవనిదిరా ఆ దయ్యం డబ్బ!"

సెట్టుకి మీట లేదు. రాబియా మీట ఫాల్క్ దెబ్బకే విరిగింది. ఏరియల్ తీగ కొనని చేత్తో పట్టుకుని సెట్టు కొక్కేనికి తాకించాడు వైకుంఠం. తాకితే కూత బయటికి పోతుంది, తీస్తే తెగుతుంది. చుక్క. చుక్క. చుక్క. గీత.

గీత శుభ్రంగా తెగింది. స్కేలు దెబ్బలు తిన్న చెయ్యి. ఎవ్వరిదీ కాని చెయ్యి.

"అది కాదు!" అంది రాబియా.

మూడూ ఇరవైఆరు. వైకుంఠం కళ్ళు మూసుకున్నాడు. చెమట వాసన, వేడెక్కిన మైనం వాసన. పదహారేళ్ళ కిందటి మధ్యాహ్నం ఒకటి గుర్తొచ్చింది. పక్కన జలాలుద్దీన్, బిగుసుకున్న ఆ మణికట్టు, మీట మీద నుంచి లేవడానికి బద్ధకించే ఆ వేలు. తన చెయ్యి బరువెక్కింది. తను ఎత్తుతున్నా లేవడం లేదు, పైన ఇంకో చెయ్యి ఉన్నట్టు.

చుక్క. చుక్క. చుక్క. గీ...త.

రాబియా అదేనన్నట్టు తల ఊపింది. పంటి కింద కొంగు కరుచుకుని ఏడుస్తోంది.

చమేలీ. ఒక్కొక్క అక్షరం. చమేలీ. రెండోసారి చివరి చుక్క పడగానే వాల్వ్ కళ్ళు చెదిరేలా వెలిగి, ఆరిపోయింది. గల్లీలో ఏడుపు ఠక్కున ఆగింది. ఎక్కడో ఒక రేడియోలో పాట, సగంలోంచి మళ్ళీ అందుకుంది.

మూడూ ఇరవైతొమ్మిది.

ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. మూడున్నర. గడియారం ముల్లు నడుస్తోంది. ఉప్పుగూడ ఇక్కడికి దూరమే. కానీ అన్ని ఫిరంగి గుండ్లు పేలితే కిటికీ అద్దాలు ఇక్కడ కూడా కదలాలి. మూడూ ముప్పైరెండు. మూడూ ముప్పైఅయిదు. కిటికీ మీద ఈగ ఒకటి నడుస్తోంది. అద్దం కదల్లేదు.

*

ఉప్పుగూడలో హెడ్‌ఫోన్ చుట్టి సంచిలో పెట్టుకుని మెట్లు దిగుతున్నవాణ్ణి పురుషోత్తం మనుషులు పట్టుకున్నారు. "ఇయ్యాల వద్దన్నరు గద, రేపొస్త" అన్నాడట వాడు.

మర్నాడు దవాఖానాలో రాబియా చేతికి పట్టీలు కట్టి ఉన్నాయి. షౌకత్ బీ పక్కన కూర్చుని కోడలికి దానిమ్మ గింజలు తినిపిస్తోంది. పురుషోత్తం మందుల వ్యాపారి వేషంలోనే వచ్చి, మంచం మీద ఒక కాయితం పెట్టాడు. శాఖ రిపోర్టు. అందులో ఒక గడి: సిగ్నల్ పంపినది ఎవరు? దాని ఎదురుగా ఆయన చేతిరాత: 'చెయ్యి పోల్చి చూడగా, మా శాఖ ఉద్యోగి జలాలుద్దీన్.'

రాబియా ఆ పేరుని చాలాసేపు చూసింది. "చంపుమని పంపినోళ్ళే బతికిచ్చిన్రు" అంది. పురుషోత్తం గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

వైకుంఠం స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "ఒక్కటి అడుగుత, భాభీ. మొదటి రెండు రోజులు మస్తు సాఫ్‌గ పంపినవ్. పక్క రేడియోలకు అస్సలే వినబడలే. ఆనక ఎందుకు ఏడిపిచ్చినవ్?"

"ఏ రెండు రోజులు?"

"మొత్తం పదకొండు రోజులల్ల మొదటి రెండు."

రాబియా అతని వైపు వింతగా చూసింది. "నేను మొన్నటిదాంక తొమ్మిది రోజులే పిలిచిన, భాయ్. మొదటి దినం నుంచే ఏడిపిచ్చిన. అంతకుముందు ఆ కిరాయి మేడల సెట్టే లేకుండె."

షౌకత్ బీ చేతిలో దానిమ్మ గింజ ఆగింది. పొరుగువాళ్ళ రేడియోని ఏడిపించకుండా అంత శుభ్రంగా పంపగలిగినవాడు ఆ ఊళ్ళో ఒక్కడే ఉండేవాడు.

వైకుంఠం దుకాణానికి వచ్చేసరికి టపా వచ్చి ఉంది. రేడియో లైసెన్సుల ఆఫీసు నుంచి రాబియా పేరిట వెళ్ళిన నోటీసు. ఆమె ఇంటికి తాళం ఉందని టపావాడు రేడియో మెకానిక్‌కి ఇచ్చిపోయాడు. 'మీ సెట్టు గత తొమ్మిది రోజులుగా ఏడుస్తూ పొరుగువారికి ఇబ్బంది కలిగిస్తున్నదని, పదవ రోజున మరీ ఘోరంగా ఏడ్చినదని శ్రీమతి నాగమణమ్మ ఫిర్యాదు. తక్షణమే సమర్థుడైన మెకానిక్‌కు చూపించి జవాబు రాయించగలరు. అఫ్జల్‌గంజ్‌లోని వైకుంఠం రేడియో వర్క్స్ నమ్మదగినది.'

వైకుంఠం ఎదురుగా బల్ల మీద, వాల్వ్ మాడిన జలాలుద్దీన్ సెట్టు నల్లగా కూర్చుని ఉంది. కాయితం తీసుకుని జవాబు రాశాడు: 'సెట్టు పరీక్షించితిని. లోపము సరిచేయబడినది. ఇకమీదట ఏడవదు.'

సంతకం పెట్టబోతూ గడియారం చూశాడు. మూడుంబావుకి ఇంకా రెండు నిమిషాలున్నాయి.

మూడూ ఇరవై అయ్యాక, ఏ పిలుపూ రాకపోతే పెడదామని కలం మూత పెట్టేశాడు.